అప్‌డేట్: జావా ప్రాజెక్టులో డూప్లికేట్ కోడ్ దొరికింది, కలిపేముందు ఒక జాగ్రత్త

జావా ప్రాజెక్టులో కాపీ-పేస్ట్ కోడ్ ఎలా పట్టుకోవాలని అడిగాను కదా, పీఎండీ అనే కోడ్ తనిఖీ టూల్‌తో వచ్చే సీపీడీ (కాపీ-పేస్ట్ డిటెక్టర్) పనిచేసింది. సలహా ఇచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్.

మినిమమ్ టోకెన్స్ 100 పెట్టి (అంటే కనీసం 100 టోకెన్లు, కోడ్‌లోని పేర్లు, గుర్తుల్లాంటి ముక్కలు, వరసగా కలిస్తేనే డూప్లికేట్) నడిపితే మొదట రిపోర్టంతా జనరేటెడ్ కోడే, అంటే టూల్స్ తమంతట తాము రాసిన కోడ్. ఆ ఫోల్డర్ ఎక్స్‌క్లూడ్ చేశాకే అసలు సరుకు బయటపడింది. వేరియబుల్ పేర్లు మార్చి అతికించిన కాపీలు దొరకాలంటే కోడ్‌లోని పేర్ల తేడాల్ని పట్టించుకోని ఇగ్నోర్ ఐడెంటిఫయర్స్ ఆప్షన్ ఆన్ చేయాలి.

చిక్కు అక్కడే ఉంది. ఇన్‌వాయిస్‌లో, రిఫండ్‌లో పన్ను లెక్క ఒకటేనని చూపించింది. తీరా చూస్తే ఒకచోట రౌండింగ్ హాఫ్ అప్ (సరిగ్గా సగమైతే పైకి), ఇంకోచోట హాఫ్ ఈవెన్ (సరిగ్గా సగమైతే దగ్గరి సరి అంకెకి). ఆ ఆప్షన్‌కి రెండూ ఉత్త పేర్లే, తేడా కనపడదు. కానీ 2.345 ఒకచోట 2.35 అవుతుంది, రెండోచోట 2.34. అందుకే ముందు రెండింటికీ ఒకే ఇన్‌పుట్‌లతో టెస్టులు రాసి, ఏది సరైనదో అకౌంట్స్ వాళ్లతో తేల్చుకున్నాకే రెండింటినీ ఒకే మెథడ్‌గా కలిపాం.

డూప్లికేట్ దొరికితే సీపీడీ ముగిసేటప్పుడు ఎగ్జిట్ కోడ్ (ఫలితం చెప్పే నంబర్) 4 ఇస్తుంది, బిల్డ్ ఆగిపోతుంది. పాత ప్రాజెక్టయితే మినిమమ్ టోకెన్స్ లిమిట్ 300 దగ్గర మొదలుపెట్టి, శుభ్రం చేసేకొద్దీ తగ్గించుకుంటూ రండి.