కుర్లాలో రాత్రిపూట విమానాల మోతకు ఏం చేయవచ్చు?

ముంబయి కుర్లాలో, విమానాలు దిగే దారి కిందే మా ఇల్లు. తూర్పు నుంచి 27 నంబరు రన్‌వే వైపు వచ్చేవి అర్ధరాత్రి దాటినా ఆగవు. పదో తరగతి చదివే అమ్మాయికి, గుండె జబ్బున్న మామయ్యగారికి నిద్ర కరవైంది. 2018 నిబంధనల ప్రకారం రద్దీ విమానాశ్రయాల పరిసరాల్లో రాత్రి పరిమితి 65 డెసిబెల్స్. కానీ అది సగటు. ఒక్కో విమానం నెత్తిమీదుగా వెళ్లేటప్పటి మోత ఆ లెక్కలో కలిసిపోతుంది. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. ఫోనులో కొలిచిన అంకెలు ఫిర్యాదుకు పనికొస్తాయా, లేక గుర్తింపు పొందిన ల్యాబ్‌తో కొలిపించాలా? కిటికీలకు రెండు పొరల అద్దాలు వేయించుకున్నవారు, నిద్ర నిజంగా మెరుగుపడిందో లేదో, వేసవిలో గాలికి ఏం ఏర్పాటు చేసుకున్నారో దయచేసి చెప్పండి. మాకు ఒక్క పడకగదికే వేయించే స్తోమత ఉంది.