హ జ్వొషియూ గురించి నమ్మదగిన పుస్తకం ఏదైనా చెప్పగలరా?

చైనా భౌతిక శాస్త్రవేత్త హ జ్వొషియూ జీవితం గురించి లోతుగా చదవాలనుకుంటున్నాను. 1927లో షాంఘైలో పుట్టారు, త్సింగ్‌హ్వా విశ్వవిద్యాలయంలో చదివారు. హైడ్రోజన్ బాంబు సిద్ధాంత పరిశోధనలో పాల్గొన్నారు, 1980లో చైనా సైన్స్ అకాడమీ సభ్యులయ్యారు. ఇంతవరకూ దొరుకుతోంది.

నన్ను తొలుస్తున్నది ఆ తర్వాతి కథ. చీగాంగ్ (శ్వాస, కదలికలు, ధ్యానంతో చేసే చైనా సాధన) పేరుతో సాగే అద్భుతాల ప్రచారాన్ని ఆయన ఏళ్ల తరబడి ఎదిరించారు. యువత చీగాంగ్ చేయడం తగదంటూ 1999 ఏప్రిల్‌లో తియాన్‌జిన్ పత్రిక ఒకదానిలో ఆయన రాసిన వ్యాసంపై చీగాంగ్ నుంచి పుట్టిన ఆధ్యాత్మిక ఉద్యమం ఫాలున్ గాంగ్ సాధకులు నిరసనకు దిగారు. కొందరిని అక్కడ అరెస్టు చేశారు. ఆ నెల 25న వేలమంది బీజింగ్‌లో అగ్రనేతల కార్యాలయాలుండే జోంగ్‌నాన్‌హాయ్ ప్రాంగణం చుట్టూ నిలబడ్డారు. జూలైలో ఫాలున్ గాంగ్‌పై నిషేధం, ఆపై దారుణమైన అణచివేత.

మూఢనమ్మకాలను ప్రశ్నించడం నాకు ప్రాణప్రదమైన పని. కానీ వాదనతో తేల్చాల్సింది పోలీసులతో తేల్చడం నాకు మింగుడుపడదు. ఆయన మాత్రం నిషేధాన్ని సమర్థించారు. మరోపక్క, జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత దేశం లోపలి ప్రాంతాల్లో అణు విద్యుత్ కేంద్రాలు వద్దని ప్రభుత్వ ప్రణాళికలనే తప్పుబట్టారు!

ఆయన్ని పొగడకుండా, తిట్టకుండా రాసిన జీవితచరిత్ర తెలుగులోగానీ ఇంగ్లీషులోగానీ ఉందా? చైనీస్ చదవగలిగినవారు ఆ 1999 వ్యాసం సారాంశం చెప్పినా ఎంతో మేలు చేసినవారవుతారు.