స్లీవ్ కింద తుప్పు: కాంట్రాక్టరు మీద రికవరీ వేయడం న్యాయమేనా?

గొట్టం_గురువు:
కేసు ఇదీ. భూమిలో పాతిన ఉక్కు గ్యాసు పైపు, గోడ మందం 7.1 మి.మీ. ఫ్యాక్టరీలో వేసిన మూడు పొరల పాలిథిలిన్ పూత నిక్షేపంలా ఉంది. వెల్డ్ జాయింట్ మీది ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని అతుక్కునే ప్లాస్టిక్ చుట్టు) విప్పితే కింద తడి, 3 మి.మీ. లోతు గుంటలు. టెస్ట్ పోస్టు (పైపు వోల్టేజి కొలిచే స్తంభం) దగ్గర మాత్రం ప్రతి నెలా మైనస్ 1100 మిల్లీవోల్టులు. మెయింటెనెన్స్ కాంట్రాక్టరు బిల్లులో కోత పెట్టాలంటున్నారు. మీరేమంటారు?

మిల్లీవోల్టు:
కనీసం ఉండాల్సిన మైనస్ 850 దాటిందా, దాటింది. అంటే క్యాథోడిక్ ప్రొటెక్షన్, అదే పైపుకి కరెంటు పంపి తుప్పు ఆపే ఏర్పాటు, పనిచేస్తోంది. అయినా తుప్పు పట్టిందంటే స్లీవ్ వేసినవాడు పని ఎగ్గొట్టాడు. ఇందులో చర్చేముంది?

గ్రిట్‌బ్లాస్ట్:
ఆ 1100 కరెంటు ఉండగా తీసిన ఆన్ రీడింగా, ఆపి తీసిన ఆఫ్ రీడింగా? ఆన్‌లో మట్టిలో పడే వోల్టేజి కూడా కలిసొస్తుంది. ఆ పోస్టు మీద ప్రభావం ఉన్న రెక్టిఫయర్లన్నిటికీ, అంటే ఆ కరెంటు ఇచ్చే యంత్రాలకి, ఇంటరప్టర్లు పెట్టి, ఒకేసారి ఆపి, ఆపిన క్షణాన కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో కొలిచిన అంకె చెప్పండి. ఆన్ 1100 చూపించే చోట ఆఫ్ 780 కూడా ఉండొచ్చు.

మిల్లీవోల్టు:
ఆఫ్ 960 అనుకోండి. అప్పుడేమంటారు?

పైపువాసి:
కుర్చీ వేసుకుని కూర్చున్నా. కానివ్వండి.

గ్రిట్‌బ్లాస్ట్:
అప్పుడూ ఆ అంకె స్లీవ్ కింది సంగతి చెప్పదు. స్లీవ్ అతుకు వదిలి, అంచు నుంచి నీళ్లు దూరాక, పాలిథిలిన్ గొడుగు పట్టినట్టు కరెంటుని అడ్డుకుంటుంది. పైన మీటరు చూసేది మట్టి తగిలే ఉక్కుని. స్లీవ్ లోపలి ఉక్కు దాని లెక్కలోకే రాదు. డీసీవీజీ సర్వే (నేల మీద నుంచి వోల్టేజి తేడాలు చూసి పూత లోపాలు వెతికేది) చేసినా పూతలో కన్నం ఉంటేనే దొరుకుతుంది. కన్నం పడకుండా పొర లేచిన చోట కరెంటే పారదు, ఇక పట్టేదేముంది?
2015లో కాలిఫోర్నియాలో పగిలిన లైన్ 901 అనే చమురు పైపు గుర్తుందా? ఫోమ్ ఇన్సులేషన్, జాయింట్ల మీద ష్రింక్ స్లీవ్‌లు. పగలడానికి రెండు వారాల ముందే లోపల పిగ్ (గోడ ఎంత పోయిందో కొలుస్తూ పైపులో సాగే పరికరం) నడిపారు. అక్కడ గోడ 45 శాతం పోయిందని పిగ్ రిపోర్టు. పగిలాక కొలిస్తే 89 శాతం.

మిల్లీవోల్టు:
అది వేడి చమురు లైను, దీనికి దానికి పోలికేమిటండీ? అసలు స్లీవ్ ఎందుకు ఊడింది, అది చెప్పండి.

కొత్త_సభ్యుడు:
గ్యాసులో నీరు ఉంటే లోపలి నుంచి కూడా తింటుంది కదా?

గొట్టం_గురువు:
తింటుంది. కానీ గుంటలు బయటివైపున్నాయి బాబూ, పైన రాశాను.

గ్రిట్‌బ్లాస్ట్:
ఊడటానికి కారణాలు కావాలా? బ్లాస్టింగ్ (గరుకు రేణువులు కొట్టి ఉక్కు శుభ్రం చేయడం) ఎస్‌ఏ రెండున్నర అనే శుభ్రత స్థాయికి రావాలి, గరుకు 50 నుంచి 100 మైక్రాన్లు ఉండాలి. పవర్ బ్రష్ కొడితే మెరుస్తుంది గానీ నునుపైపోతుంది, ఎపాక్సీ ప్రైమర్ పట్టదు. ఉక్కు వేడి డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీరయ్యే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ లేకపోతే కంటికి కనపడని చెమ్మ మీద ప్రైమర్ పూసినట్టే. ఫ్యాక్టరీ పూత అంచుని ఏటవాలుగా చెక్కి, గరుకు చేసి, దాని మీదికి స్లీవ్ కనీసం 50 మి.మీ. ఎక్కాలి. మంట మధ్య నుంచి అంచులకి పట్టాలి, రోలర్‌తో గాలి తరమాలి. చివర్లో హాలిడే డిటెక్టర్ కూత పెట్టలేదని సంతకం చేసేస్తారు. అది చూసేది కన్నాన్ని, అతుకుని కాదు. అతుకు తెలియాలంటే పీల్ టెస్ట్ (స్లీవ్ ముక్క లాగి చూడటం) చేయాలి, అంటే ఒక మంచి జాయింటు కోసి పాడుచేయాలి. ఎవరు ఒప్పుకుంటారు?

మిల్లీవోల్టు:
చూశారా, అన్నీ కాంట్రాక్టరు తప్పులే! మీ నోటితోనే వచ్చింది.

గ్రిట్‌బ్లాస్ట్:
తప్పు చేయించేదెవరు? జాయింటుకింత అని రేటు, అందులోనే బ్లాస్టింగ్. చెమ్మ ఉందని పొద్దున మూడు గంటలు పని ఆపితే పైసా రాదు. ఏసీ గదిలో కూర్చుని అంకెలు చదివేవాళ్లకి ఇది ఎక్కదు.

మిల్లీవోల్టు:
ఏసీ గది సంగతి సరే. రేటు చాలకపోతే టెండరు ఎందుకేశారు? సంతకం పెట్టాక దొంగపని చేసి, తప్పు యజమానిదంటే కుదరదు.

గొట్టం_గురువు:
ఆగండి ఇద్దరూ. స్లీవ్ వేసిన కాంట్రాక్టరు వేరు, ఇప్పుడు రీడింగులు తీస్తున్నవాడు వేరు. కోత పడుతున్నది రెండోవాడికి. నా ప్రశ్నే అది.

పైపువాసి:
అరె, ఇంతసేపూ వేరేవాణ్ని ఉతికారా?

గ్రిట్‌బ్లాస్ట్:
అయితే ఇంకా అన్యాయం. రీడింగు లెక్కన డబ్బులిచ్చే ఒప్పందంలో తుప్పు వెతకమని ఎవరు అడిగారు? ఆ టెండరులో అనుమానం ఉన్న జాయింట్లని తవ్వి చూసే ఐటమ్ ఉందా?

గొట్టం_గురువు:
ఇప్పుడే చూశా. లేదు. రీడింగులు, రెక్టిఫయర్ ఆయిల్, పోస్టులకి రంగు. అంతే.

మిల్లీవోల్టు:
ఉన్నా లేకపోయినా, ఆ 1100 ఆనా ఆఫా ఇంకా చెప్పలేదు మీరు.