అప్‌డేట్: రెండు సిస్టమ్‌లూ మొత్తానికి మాట్లాడుకుంటున్నాయి

ఆర్డర్ల సిస్టమ్‌నీ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌నీ కలపాలి, ఏ టూల్‌తో నేర్చుకోవడం మొదలుపెట్టాలి అని రెండు నెలల కిందట అడిగాను. టూల్ సంగతి తర్వాత, ముందు మధ్యలో ఒక క్యూ (మెసేజ్‌లు వరసలో ఆగి అవతలికి వెళ్లే చోటు) పెట్టి చూడమన్నారు చాలామంది. అప్పుడు కాస్త చిరాకేసింది. ఇప్పుడు ఒప్పుకుంటున్నా.

క్యూ నడిపే సాఫ్ట్‌వేర్ రాబిట్‌ఎంక్యూ పెట్టడం ఒక పూట పని. తంటా అంతా డేటాతోనే. మా దగ్గర కస్టమర్ కోడ్ 00417. అవతలి సిస్టమ్ దాన్ని సంఖ్యగా తీసుకుని 417 చేసేసింది. ఇక ఆ కస్టమర్ దొరకడు! సాయంత్రమంతా నా కోడ్‌లో తప్పు వెతుకుతూ కూర్చున్నా.

రెండో దెబ్బ ఇంకా గట్టిది. ఇన్వాయిస్ పంపితే టైమౌట్ వచ్చింది, అంటే గడువులోగా జవాబు రాలేదు. వెళ్లలేదనుకుని నా ప్రోగ్రామ్ మళ్లీ పంపింది. నిజానికి మొదటిది చేరింది, జవాబే రాలేదు. ఒకే ఆర్డర్‌కి రెండు ఇన్వాయిస్‌లు. టెస్ట్ సర్వర్ కాబట్టి బతికిపోయాను. ఇప్పుడు ప్రతి మెసేజ్‌కీ ఒక ఐడీ ఉంటుంది. అదే ఐడీ మళ్లీ వస్తే అవతలివైపు కొత్త ఎంట్రీ పడదు, పాత జవాబే తిరిగొస్తుంది. మళ్లీ పంపేటప్పుడు కొత్త ఐడీ పుట్టించకూడదని మాత్రం ఇంకోసారి దెబ్బతిన్నాకే తెలిసింది.

మూడుసార్లు పంపినా కుదరనివి డెడ్ లెటర్ క్యూలోకి పోతాయి. పొద్దున్నే ముందు అదే తెరుస్తున్నా. నిన్న అందులో ఒకటే ఉంది: 25/04 అనే తేదీలో 25ని నెల అనుకుని అవతలివాళ్లు తిప్పికొట్టారు. దాన్ని 2025-04-25 పద్ధతిలోకి మార్చేశా. కానీ అంతకుముందే 03/04 లాంటివి, అంటే మా ఏప్రిల్ 3, గప్‌చుప్‌గా మార్చి నెల 4వ తేదీ అయిపోయి లోపలికి వెళ్లిపోయాయి. ఇప్పుడు కూర్చుని వాటిని ఏరుతున్నా.