జనవరిలో ఎడ్మంటన్ వెళ్తున్నాను, చలికాలం తిండి సంగతి చెప్పండి

గోపాలపట్నం అమ్మాయి:

అందరికీ నమస్కారం. నాకు కెనడాలోని ఎడ్మంటన్‌లో మాస్టర్స్ సీటు వచ్చింది. జనవరి మొదటి వారంలో వైజాగ్ నుంచి బయల్దేరుతున్నా. ఇంతవరకు నేను చూసిన పెద్ద చలి అంటే లంబసింగిలో చూసిందే. అక్కడ మైనస్ 30 దాకా పడిపోతుందని విన్న దగ్గర్నుంచి అమ్మకి ఒకటే టెన్షన్, ఏం తింటానో, జ్వరం వస్తే ఎవరు చూస్తారో అని. ఉన్న రెండు సూట్‌కేసుల్లో ఒకదాన్ని పూర్తిగా పచ్చళ్ళు, ఇన్‌స్టంట్ ఉప్మా, పులిహోర పాకెట్లతో నింపేస్తోంది. వంట ఓ మోస్తరుగా వచ్చు: అన్నం, పప్పు, చారు, రెండు మూడు వేపుళ్ళు. చలికాలం జబ్బు పడకుండా గడవాలంటే ఏం తినాలి, ఇక్కడి నుంచి ఏం తెచ్చుకోవాలి? అక్కడున్న అక్కలు, అన్నయ్యలు కాస్త చెప్పండి.

ఎంవీపీ కాలనీ అక్క, ఇప్పుడు ఎడ్మంటన్ మిల్‌వుడ్స్:

అమ్మా, ముందు మీ అమ్మగారికి ఈ మాట చెప్పు, అన్నం, పప్పు, చారు చేసుకోవడం వచ్చిన పిల్ల ఇక్కడ తిండికి ఇబ్బంది పడదని. మిల్‌వుడ్స్ వైపు ఇండియన్ షాపులు బోలెడున్నాయి, బియ్యం, కందిపప్పు, మినప్పప్పు, చింతపండు, ఇంగువ అన్నీ దొరుకుతాయి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే, వంట మనదే ఉంచుకో, సరుకు ఇక్కడిది వాడుకో. చలికాలానికి కావలసినవన్నీ మన వంటలో ఉన్నాయి, ఒక్క ఎండ తప్ప. కొత్తగా వచ్చిన పిల్లలు నీరసపడిపోవడం ప్రతి ఏడూ చూస్తున్నాను. వాళ్ళని దెబ్బతీసేది చలి ఒక్కటే కాదు, క్లాసుల హడావిడిలో వంట మానేసి నెలల తరబడి నూడుల్స్, బ్రెడ్డు, పచ్చడి అన్నం మీద బతకడం.

ఎండ సంగతి మొదట చెప్తాను, ఎందుకంటే మనవాళ్ళకి అది తట్టదు. వైజాగ్ దాదాపు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, ఎడ్మంటన్ 53 దాటిపోయింది. డిసెంబరు చివరలో ఇక్కడ పొద్దున్న ఎనిమిది ముప్పావుకి తెల్లారి సాయంత్రం నాలుగుంపావుకి సూర్యుడు దిగిపోతాడు, నువ్వొచ్చే జనవరి మొదట్లో కూడా ఇంచుమించు అంతే. ఆ ఉన్న కాస్త ఎండా బాగా ఏటవాలుగా పడుతుంది కాబట్టి, చర్మంలో విటమిన్ డి తయారవడానికి కావలసిన కిరణాలు నేల దాకా సరిగ్గా చేరవు. దీన్ని 1988లో అచ్చంగా బోస్టన్, ఎడ్మంటన్ ఊళ్ళలోనే పరీక్షించి రాశారు, బోస్టన్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఎడ్మంటన్‌లోనైతే అక్టోబరు నుంచి మార్చి దాకా చర్మంలో అది తయారే కాదని. అంటే జనవరి మధ్యాహ్నం ఆకాశం నీలంగా మెరిసిపోతోంది కదా అని గంటసేపు నిలబడినా మనసుకి హాయిగా ఉంటుందేమో గానీ ఎముకలకి ఏమీ అందదు. అందుకని మాత్ర వేసుకోవాలి. పెద్దవాళ్ళకి రోజుకి 600 యూనిట్లు కావాలని ఇక్కడి ప్రభుత్వ లెక్క, 70 దాటితే 800. ఖాళీ కడుపున కాకుండా నెయ్యి వేసుకున్న అన్నం తిన్నాక వేసుకో, కొవ్వుతో కలిస్తేనే బాగా వంటబడుతుంది. మన మెడికల్ షాపుల్లో వారానికొకటి అని ఇచ్చే 60,000 యూనిట్ల గుళికలు ఉంటాయి చూడు, అవి స్ట్రిప్పులు స్ట్రిప్పులు కొని తెచ్చుకుని నీ అంతట నువ్వు మింగొద్దు. డాక్టరు చూసి రాస్తే తప్ప రోజుకి 4,000 దాటకూడదు.

రెండోది పాలు. కెనడాలో ఆవు పాలల్లో విటమిన్ డి కలపాలని చట్టమే ఉంది. కొనే పెరుగులో అన్నిటిలోనూ ఉండదు, డబ్బా మీద చదివి చూసుకోవాలి. ఆ పాలతోనే ఇంట్లో పెరుగు తోడుపెట్టుకుంటే అందులో ఉన్న డి ఎక్కడికీ పోదు. కాకపోతే ఇక్కడ వంటింట్లో రాత్రి పెట్టిన తోడు తెల్లారేసరికి పాలలాగే ఉంటుంది, దానికి చిట్కా చెప్తా. పాలు ఒక పొంగు రానిచ్చి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా చల్లార్చి, చెంచాడు తోడు వేసి గిన్నె మీద మూత పెట్టి ఓవెన్‌లో పెట్టు. ఓవెన్ వెలిగించొద్దు, లోపలి లైటు మాత్రం వేసి తలుపు మూసెయ్. ఆ బల్బు వేడి చాలు, ఏడెనిమిది గంటల్లో కత్తితో కోసినట్టు గట్టిగా తోడుకుంటుంది. ఓవెన్ మీద ఒక చీటీ అంటించు, లేకపోతే రూమ్మేట్ ఎవరో చూసుకోకుండా వెలిగించేస్తారు.

ఇక ఆకుకూరలు. తోటకూర, గోంగూర తాజాగా కావాలని చూస్తే చలికాలంలో డబ్బులూ పోతాయి, వాడిపోయిన కట్టా దక్కుతుంది. ఫ్రోజెన్ అంటే చులకన చేయొద్దు. కోసిన కొద్ది గంటల్లో గడ్డకట్టించినవి కాబట్టి, వారం రోజులు లారీలో తిరిగి వచ్చిన తాజా ఆకు కంటే వాటిలో పోషకాలు తక్కువేం ఉండవు. పాలకూర, మెంతికూర, బెండకాయ, చిక్కుడు, ములక్కాడ ముక్కలు అన్నీ ఫ్రీజర్‌లో దొరుకుతాయి, పప్పు ఉడికేటప్పుడు గుప్పెడు వేసెయ్యడమే. బట్టర్‌నట్ స్క్వాష్ అని ఒక గుమ్మడి ఉంటుంది, చలికాలమంతా చవక, దాంతో దప్పళం పెట్టు, మన తీపి గుమ్మడికాయకి ఏమాత్రం తీసిపోదు.

అన్నిటికంటే క్రాన్‌బెర్రీ పప్పు నేర్చుకో, క్రాన్‌బెర్రీ అంటే ఇక్కడ దొరికే చిన్న ఎర్రటి పుల్లకాయ. మామిడికాయ పండని దేశంలో పుల్లటి పప్పుకి ఇంతకంటే మంచి దారి లేదు. గ్లాసు కందిపప్పుకి అర గ్లాసు క్రాన్‌బెర్రీలు, నాలుగు పచ్చిమిరపకాయలు, పసుపు. పప్పు విడిగా మెత్తగా ఉడికించుకుని, కాయల్ని కొంచెం నీళ్ళలో మూత పెట్టి ఉడికిస్తే ఐదారు నిమిషాల్లో టపటపా పగులుతాయి, అప్పుడు పప్పులో కలిపేసి ఉప్పు వేసి, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఆవాలు, ఇంగువతో తాలింపు పెట్టు. చింతపండు అక్కర్లేదు, కాయల్లో ఉన్న పులుపే సరిపోతుంది. తాజా కాయలు శరదృతువులో వస్తాయి, నువ్వొచ్చేసరికి అయిపోయినా ఫ్రీజర్‌లో ఏడాది పొడుగునా దొరుకుతాయి. ఇక్కడ తాలింపు పెట్టే ముందు స్టవ్ పైన ఫ్యాన్ వేసుకో, మిరపకాయ ఘాటుకి స్మోక్ అలారం మోగిందంటే బిల్డింగంతా లేస్తుంది.

కంచరపాలెం అన్నయ్య, ఇప్పుడు కాల్గరీ:

అక్క చెప్పిందంతా నిజం, నేను బయల్దేరే ముందు చెయ్యాల్సినవి చెప్తా. చెల్లెమ్మా, వైజాగ్‌లో ఉండగానే రక్తపరీక్షలు చేయించుకుని రా: హిమోగ్లోబిన్, విటమిన్ డి, బి12, థైరాయిడ్. అక్కడైతే పొద్దున్న ఇచ్చి సాయంత్రానికి రిపోర్టు చేతిలో పెట్టుకుంటావు, ఇక్కడ ఏ టెస్టుకైనా డాక్టరు రాయాలి, ఆ డాక్టరు అపాయింట్‌మెంటు దొరకాలి. పళ్ళు కూడా చూపించుకో, పుచ్చు ఉంటే అక్కడే పూడ్పించుకో, ఎడ్మంటన్, కాల్గరీ ఉన్న రాష్ట్రం ఆల్బర్టా, ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే హెల్త్ కార్డు మీద మామూలు పంటి వైద్యం రాదు. హెల్త్ కార్డుకి దిగిన మూడు నెలల్లోపు దరఖాస్తు పెట్టాలి, రెండో రోజే పెట్టెయ్, వాయిదా వెయ్యకు.

వచ్చిన వారంలో ఏదో ఒక ఫార్మసీకి వెళ్ళి ఫ్లూ టీకా వేయించుకో. అది పని చెయ్యడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది, సీజన్ ఇంకా మిగిలే ఉంటుంది కాబట్టి జనవరి అయితే ఆలస్యమేమీ కాదు. జ్వరమొస్తే మనలాగా మెడికల్ షాపుకెళ్ళి యాంటీబయోటిక్ అడిగితే ఇవ్వరు, మామూలు జలుబుకి అది పని చెయ్యదు కూడా. మిరియాల చారు, ఆవిరి, విశ్రాంతి, అంతే. భయంగా అనిపిస్తే ఆల్బర్టాలో ఎక్కడినుంచైనా 811కి ఫోన్ చెయ్, ఇరవై నాలుగు గంటలూ నర్సులు మాట్లాడతారు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలా ఇంట్లో ఉండొచ్చా చెప్తారు. ఆ నంబరు అమ్మగారి కంటపడేలా రాసిపెట్టు, ఆవిడకి కాస్త ధైర్యంగా ఉంటుంది.

చేపలు తింటే విటమిన్ డికి సాల్మన్‌ని మించింది లేదు. ఫిషింగ్ హార్బర్ దగ్గర తెల్లారకుండా కొన్న చేప రుచి రాదు, అది ఆశించకు, కానీ పులుసులోకి బాగుంటుంది. కొవ్వు చేప, తొందరగా విడిపోతుంది, అందుకని పులుసు బాగా మరిగి చిక్కబడ్డాక ముక్కలు చివర్లో వేసి గరిట పెట్టకుండా ఐదు నిమిషాలకి దించెయ్.

సరుకు ఇక్కడిదే వాడుకోమంది అక్క, ఆ ఒక్క విషయంలో ఒప్పుకోను. పొడులు తెచ్చుకోనియ్యండి. ల్యాబ్ నుంచి రాత్రి తొమ్మిదింటికి వచ్చిన పిల్లకి వేడి అన్నంలో కరివేపాకు పొడి, నెయ్యి ఉంటే పిజ్జా ఆర్డర్ చెయ్యకుండా ఉంటుంది. నువ్వుల పొడి, అవిసె గింజల పొడి, మునగాకు పొడి తెచ్చుకో. పచ్చళ్ళు మాత్రం ఒక్క సీసా చాలు.

ఎంవీపీ కాలనీ అక్క:

పొడులకి నేనూ అడ్డు చెప్పను తమ్ముడూ, నా బెంగంతా ఉప్పు గురించి. మూడు పూటలా పచ్చడైతే కూరగాయ లోపలికి పోదు. అమ్మా, తినే సరుకు ఏది తెచ్చినా విమానాశ్రయంలో ప్రకటించాలి, దాచిపెడితే 1,300 డాలర్ల దాకా జరిమానా వెయ్యగలరు. మాంసం పచ్చళ్ళు, పచ్చి కరివేపాకు, విత్తనాలు, మొక్కలు అసలు పెట్టుకోకు.

గోపాలపట్నం అమ్మాయి:

అక్కా, అన్నయ్యా, చాలా థ్యాంక్స్. ఇదంతా అమ్మకి చదివి వినిపించా, ఉప్మా పాకెట్లు బయటికి తీసేసింది. ఒక సంగతి చెప్పలేదు, మేం శాకాహారులం, నేను గుడ్డు కూడా తినను. మరి చేప లేకుండా సరిపోతుందా? ఇంకోటి, అందరూ చలికాలంలో దిగులుగా ఉంటుందంటున్నారు, తిండికీ దానికీ సంబంధం ఉందా?

పెందుర్తి ఆంటీ, కొన్నేళ్ళు ఎడ్మంటన్‌లో ఉండి వైజాగ్ తిరిగొచ్చేశాను:

సరిపోతుంది తల్లీ, కాకపోతే బి12 మీద కన్నేసి ఉంచాలి. శాకాహారులకి అది పాలు, పెరుగు, పనీర్‌లోంచే రావాలి. రోజుకి 2.4 మైక్రోగ్రాములు కావాలి, ఒక కప్పు పాలల్లో సుమారుగా అందులో సగం ఉంటుంది. కాబట్టి టీలో పోసుకునే పాలు లెక్కలోకి రావు, రెండు కప్పుల పాలో పెరుగో విడిగా కడుపులోకి వెళ్ళాలి. బయల్దేరే ముందు పరీక్షలో తక్కువ వస్తే డాక్టరు చెప్పినట్టు ఇక్కడే మందు మొదలుపెట్టు. ఐరన్ కోసం పప్పులు, సెనగలు, ఆకుకూరలు తింటూనే భోజనం అయిన వెంటనే టీ తాగే అలవాటు మానుకో, టీ ఐరన్‌ని వంటబట్టనివ్వదు. పప్పన్నంలో నిమ్మకాయ పిండుకుంటే బాగా వంటబడుతుంది. చోడిపిండి, అదే రాగిపిండి, రెండు కేజీలు మన రైతు బజార్ దగ్గరే ఆడించుకుని తీసుకెళ్ళు, వంద గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంటుంది. పొద్దున్నే వేడివేడి చోడి జావ ఒక గ్లాసు తాగి బస్సుకి వెళ్తే ఆ చలిలో కడుపు వెచ్చగా ఉంటుంది.

దాహం వెయ్యదు అక్కడ, అయినా నీళ్ళు తాగాలి. రోజంతా హీటరు నడిచి గాలి ఎండిపోతుంది, పెదాలు పగులుతాయి, ముక్కులోంచి రక్తం కూడా రావచ్చు. గదిలో గాలికి తేమనిచ్చే చిన్న హ్యూమిడిఫయర్ పెట్టుకుని, ఫ్లాస్కులో జీలకర్ర నీళ్ళో పల్చటి మజ్జిగో వేడి చారో దగ్గర పెట్టుకో.

దిగులు సంగతి తేలిగ్గా తీసుకోకు. పగలు తగ్గితే కొందరికి నిజంగానే నిద్ర ఎక్కువవుతుంది, తీపి మీదకి, అన్నం మీదకి మనసు పోతుంది, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. దానికి పేరుంది, వైద్యం ఉంది, నీ బలహీనత కాదు. మధ్యాహ్నం క్లాసుల మధ్య ఖాళీ దొరికితే సరిగ్గా కప్పుకుని ఇరవై నిమిషాలు వెలుతుర్లో నడువు, విటమిన్ డి రాకపోయినా ఆ వెలుతురు కళ్ళకి పడాలి. గాలితో కలిపి మైనస్ 28 దాటి చలి ఉన్న రోజు బయట వద్దు, కప్పుకోని చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టిపోవచ్చు. అలాంటి రోజు వెస్ట్ ఎడ్మంటన్ మాల్‌కి వెళ్ళి లోపల నడువు, చాలామంది నడుస్తారు. ఈ దిగులుకి పొద్దున్నపూట ముందు పెట్టుకునే 10,000 లక్స్ లైట్లు కూడా ఉన్నాయి, లక్స్ అంటే వెలుతురు కొలత, కొనేముందు డాక్టర్ని అడుగు. రెండు వారాలు దాటి దిగులు తగ్గకపోతే యూనివర్సిటీలో కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళు, వెళ్ళిన సంగతి అమ్మకి కూడా చెప్పు.

ఇంకోటి, ఒక్కదానివే వండుకుని ఒక్కదానివే తినకు. రూమ్మేట్లతో వంతులు వేసుకోండి. ఆదివారం నలుగురూ కలిసి పెద్ద కుక్కర్‌తో పప్పు, సాంబారు వండి చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకుంటే వారమంతా గడుస్తుంది. అన్నం మాత్రం మిగిలితే గంటలకొద్దీ స్టవ్ మీద వదిలెయ్యకుండా రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టెయ్యాలి.

గోపాలపట్నం అమ్మాయి:

ఆంటీ, రక్తపరీక్షలకి రేపే ల్యాబ్‌కి వెళ్తున్నా. అమ్మ ఒక్కటి అడగమంటోంది, సున్నుండలు చేసి ఇవ్వచ్చా అని.

పెందుర్తి ఆంటీ:

ఇవ్వమను. బెల్లం, నెయ్యితో చేసి గాలి చొరని డబ్బాలో పెట్టి, లోపల ఏముందో పైన ఇంగ్లీషులో చీటీ అంటించమను, కస్టమ్స్ ఫారంలో కూడా రాసెయ్. కుక్కర్ గాస్కెట్ ఒకటి అదనంగా పెట్టుకో, మన మోడల్‌కి సరిపోయేది అక్కడ వెతకడం కష్టం.