ఐరిష్ సంగీతంలో ఏది అసలైనది? బుధవారం సెషన్‌కు వెళ్ళబోయే చెల్లికి

లిమరిక్ నుంచి:

అందరికీ నమస్కారం. నేను ఐర్లండ్‌లోని లిమరిక్ వచ్చి ఏడు వారాలైంది, ఇక్కడ ఎం.ఎస్. చదువుతున్నాను. మా ల్యాబ్‌లో ఇద్దరు బుధవారం రాత్రి పబ్బులో నలుగురూ కూడి సంగీతం వాయించుకునే ‘సెషన్’కు రమ్మని పిలిచారు. విజయనగరంలో తొమ్మిదేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాను, వాద్యం వెంట తెచ్చుకున్నాను కూడా. నేను మద్యం తాగను, మరి వెళ్ళవచ్చా? వయొలిన్ పట్టుకెళ్ళవచ్చా? ముందుగా ఒక ఐరిష్ పాట నేర్చుకుందామని వెదికితే ‘డానీ బాయ్’ ఐరిష్ పాటే కాదని ఒకరు, అంతకన్నా ఐరిష్ పాట లేదని మరొకరు రాశారు. ఇంతకీ వీళ్ళ సంప్రదాయమని దేన్ని అనాలి? పెద్దవాళ్ళు చెప్పగలరు.

ఎన్నిస్ నుంచి:

చెల్లీ, తప్పకుండా వెళ్ళు. పబ్బు అనగానే మన ఊళ్ళలోని బారు గుర్తొచ్చి మనసు వెనక్కి లాగుతుంది. నేనూ మొదటి ఏడాదంతా అలాగే తప్పించుకు తిరిగాను, ఆ ఏడాది పోయిందే అన్న బాధ ఇప్పటికీ ఉంది. ఇక్కడ పబ్బు ఊరి రచ్చబండ లాంటిది. టీ అడిగినా, నిమ్మ సోడా అడిగినా ఇస్తారు, ఎవరూ వింతగా చూడరు.

వాద్యం పట్టుకెళ్ళు, కానీ మొదటి రాత్రి పెట్టె తెరవకు. వాయించేవాళ్ళ చుట్టూ ఉన్న కుర్చీలు ఖాళీగా కనిపించినా వాళ్ళవే. నేను తెలియక అలాంటి ఒక కుర్చీలో కూర్చున్నాను. అది చాలా ఏళ్ళుగా కన్సర్టీనా (రెండు చేతుల మధ్య పట్టుకునే చిన్న తిత్తి వాద్యం) వాయించే ఒక పెద్దావిడ చోటని ఆ రాత్రి ఇంటికి వెళ్ళేటప్పుడు తెలిసింది. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆవిడ గోడ పక్కన స్టూలు వేసుకుని వాయించింది. మరుసటి వారం క్షమించమని అడిగితే, నా చేయి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఈ ఊళ్ళో నాకు మొదట దొరికిన ఆత్మీయురాలు ఆవిడే.

ఒక మాట గుర్తుంచుకో. వాద్యం మీద వాయించేది ‘ట్యూన్’, నోటితో పాడేదే ‘సాంగ్’. ట్యూన్‌ను సాంగ్ అంటే వాళ్ళు దిద్దరు గానీ చెవికి నొప్పిగా ఉంటుంది. నడకలు నీకు ఒక్క సాయంత్రంలో వచ్చేస్తాయి. జిగ్ వినిపిస్తే లోపల ‘తకిట తకిట’ అనుకో. రీల్ అయితే ‘తకధిమి తకధిమి’. మూడు తకిటలు వరుసగా వచ్చి కాలు తడబడితే అది స్లిప్ జిగ్. ఒక ట్యూన్‌లో సాధారణంగా రెండు భాగాలుంటాయి, ఒక్కోదాన్ని రెండుసార్లు వాయిస్తారు. మొత్తం ట్యూన్‌ను రెండు మూడు సార్లు తిప్పి, ఊపిరి తీసుకోకుండా ఇంకో ట్యూన్‌లోకి దూకుతారు. దూకే ముందు నడిపించేవాళ్ళు తల ఎత్తి చుట్టూ చూస్తారు. ఆ చూపు పట్టుకోవడం నేర్చుకుంటే సగం సంగీతం వచ్చినట్టే.

నీ తీగలు స-ప-స-ప శ్రుతిలో ఉంటాయి. వీళ్ళవి జి, డి, ఎ, ఇ. శ్రుతి మార్చుకోవాలి, నేల మీద కాకుండా కుర్చీలో కూర్చుని వాయించడం అలవాటు చేసుకోవాలి. అసలు కష్టం ఎడమ చేతిలో ఉంది. మన వేళ్ళు జారడానికి, ఊగడానికి అలవాటు పడ్డాయి. ఇక్కడ అంతగా జారించకూడదు. ‘రోల్’ అనే అలంకారం ఉంది. ఒక స్వరం పట్టుకుని, పై వేలితో తీగను ఒక్కసారి చిటికలా తాకి, మళ్ళీ అదే స్వరానికి వచ్చి, కింది స్వరాన్ని అలా తట్టి, తిరిగి మొదటికి చేరాలి. ఇదంతా ఒక్క ‘తకిట’లో అయిపోవాలి. తాకిన స్వరాలు విడిగా వినబడకూడదు, తలుపు కొట్టినట్టు మాత్రమే ఉండాలి. స్ఫురితం అనే మన గమకం సాధన చేసిన చేయి కాబట్టి నీకు త్వరగానే పట్టుబడుతుంది.

ఇక నువ్వు అడిగిన పెద్ద ప్రశ్న. పుట్టిన చోటు చూసి లెక్క కడితే ఈ సంగీతంలో మిగిలేది చాలా తక్కువ. రేకు విజిల్ అనే చిన్న పిల్లనగ్రోవిని 1840లలో ఇంగ్లండులో క్లార్క్ అనే ఆయన తయారుచేయడం మొదలుపెట్టాడు. కన్సర్టీనా కూడా ఇంగ్లండులో పుట్టిందే, వీట్‌స్టన్ అనే శాస్త్రవేత్త చేసింది. బ్యాంజో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చేతుల్లో అమెరికాలో రూపుదిద్దుకుంది. బుజుకీ అనే తీగ వాద్యం గ్రీసుది, 1960లలో ఇక్కడికి వచ్చింది. అనాదిగా ఉందని అందరూ అనుకునే బోధ్రాన్ డప్పు కూడా బృందంలో పక్కవాద్యంగా కూర్చున్నది ఆ దశకంలోనే, షాన్ ఓ రియాదా అనే సంగీతకర్త చొరవతో. అయినా ఇవన్నీ ఈ రోజు నిస్సందేహంగా ఐరిష్ వాద్యాలే. మన ఫిడేలు కథ వేరేనా? బాలుస్వామి దీక్షితులు మద్రాసులో దొరల వాద్యాన్ని నేర్చుకుని మన కచేరీలోకి తెచ్చారు. మీ విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో అది ఎంత మనదైందో నీకు నేను చెప్పాలా? పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ గారి చేతిలో మాండలిన్ కూడా అంతే.

అందుకే నేను చూసేవి రెండే. ఇది ఒకరి దగ్గర చెవితో విని ఇంకొకరు నేర్చుకున్నదా? వాయించేవాడి ఊరి యాస అందులో ఉందా? డోనెగల్ ఫిడేలు విల్లు విసురుగా నడుస్తుంది, మా క్లేర్‌లో అదే ట్యూన్ తీరిగ్గా, కాస్త విచారంగా నడుస్తుంది. నువ్వు ఎవరి దగ్గర నేర్చుకున్నావని ఇక్కడ అడగడం పరిచయంలో భాగం, మన దగ్గర మీ గురువు గారెవరు అని అడిగినట్టే.

ఇల్లు వదిలి వచ్చిన మనం తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటి. ఈ సంగీతాన్ని నిలబెట్టినవాళ్ళలో ఎందరో ఊరు విడిచి వెళ్ళినవాళ్ళే. కార్క్ జిల్లా నుంచి ఓడెక్కి పోయిన ఫ్రాన్సిస్ ఓనీల్ షికాగోలో పోలీసు అధిపతి అయ్యాడు. అక్కడి వలస ఐరిష్ వాళ్ళ నోటి నుంచి, చేతుల నుంచి ట్యూన్లు సేకరించి 1903లో 1850 ట్యూన్లతో పుస్తకం అచ్చువేశాడు. స్లైగో నుంచి న్యూయార్క్ వెళ్ళిన ఫిడేలు విద్వాంసుడు మైకేల్ కోల్మన్ 1920లలో ఇచ్చిన గ్రామఫోను రికార్డులు సముద్రం దాటి వెనక్కి వచ్చి, ఇక్కడి పిల్లలు ఆయనలా వాయించడం మొదలుపెట్టారు. అందువల్ల కొన్ని ఊళ్ళ సొంత బాణీలు సన్నగిల్లాయన్నదీ నిజమే. ఆ నష్టం ఇప్పటికీ నా మనసును బాధిస్తూనే ఉంటుంది.

డబ్లిన్ నుంచి:

అక్కయ్య గారు చెప్పినదంతా నిజమే, కానీ పాటల తరఫున నేను మాట్లాడాలి. ‘డానీ బాయ్’ మాటలు రాసింది వెదర్లీ అనే ఇంగ్లీషు లాయరు. ఆ మాటలు 1913లో చేరిన రాగం మాత్రం లిమవాడి అనే ఊళ్ళో జేన్ రాస్ అనే ఆమె సేకరించి పంపగా 1855లో అచ్చైనది. మాటలు ఇంగ్లండువి, రాగం ఇక్కడిది. ‘డర్టీ ఓల్డ్ టౌన్’ అయితే పూర్తిగా ఇంగ్లండులోని సాల్ఫర్డ్ గురించి రాసిన పాట. అది వస్తే ఈ నగరంలో పబ్బు పబ్బంతా గొంతు కలుపుతుంది. ల్యూక్ కెల్లీ పాడిన ‘రాగ్లన్ రోడ్’ వినండి. ప్యాట్రిక్ కవనా రాసిన కొత్త కవితను పాత ఐరిష్ రాగంలో కూర్చారు. నాకు ఈ దేశంలో అన్నిటికన్నా ఇష్టమైన పాట అది. వీటిని సంప్రదాయం కాదని పక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు. నలుగురు కలిసి పాడుకునే పాటకు కూడా వంశం ఉంటుంది.

టెంపుల్ బార్ వీధుల్లో మైకు పెట్టి పర్యాటకుల కోసం పాడేవి ఒకసారి విని వచ్చేయండి. స్మిత్‌ఫీల్డ్‌లో కాబుల్‌స్టోన్ అనే పబ్బుకు వెళ్ళండి. 2021లో దాని చుట్టూ హోటల్ కట్టాలనుకుంటే జనం వాద్యాలు పట్టుకుని వీధిలోకి వచ్చారు, నగరపాలక సంస్థ అనుమతి నిరాకరించింది. మెరియన్ స్క్వేర్‌లో సంప్రదాయ సంగీత భాండాగారం ఉంది. అక్కడ పాత రికార్డింగులు ఎంతసేపైనా కూర్చుని వినవచ్చు.

ఎన్నిస్ నుంచి:

తమ్ముడూ, ఒప్పుకుంటున్నాను. ‘రాగ్లన్ రోడ్’ విషయంలో నీతో వాదించలేను. కానీ పాటల మాట వచ్చింది కాబట్టి షాన్-నోస్ గానం గురించి చెప్పకుండా ఉండలేను. పక్కవాద్యం ఉండదు, తాళం ఉండదు, ఐరిష్ భాషలో ఒక్క గొంతే. పశ్చిమ తీరంలోని కానమారాలో ఒకసారి విన్నాను. గాయకుడు కళ్ళు మూసుకున్నాడు. పక్కన కూర్చున్న ముసలాయన అతని చేతిని తన చేతిలోకి తీసుకుని, పాట నడుస్తున్నంతసేపూ తిరగలి తిప్పినట్టు నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతూనే ఉన్నాడు. కౌంటరు వెనక గ్లాసులు కడిగే అబ్బాయి కుళాయి కట్టేశాడు. నాకు ఒక్క మాటా అర్థం కాలేదు, పాట అయిపోయేసరికి ఏడుస్తున్నాను.

కార్క్ నుంచి:

చిన్న సలహా. పది పదిహేను యూరోలకు డి శ్రుతి విజిల్ ఒకటి కొనుక్కోండి, మా అమ్మాయి బడిలో దానితోనే మొదలుపెట్టింది. సంప్రదాయ సంగీతం కోసం 1951లో స్థాపించిన కోల్తస్ సంస్థకు చాలా ఊళ్ళలో శాఖలున్నాయి, పెద్దవాళ్ళకు కూడా నేర్పుతారు. వేగం అందకపోతే నెమ్మదిగా వాయించే ‘స్లో సెషన్’ ఎక్కడ జరుగుతుందో అడగండి. జులైలో క్లేర్‌లోని మిల్‌టౌన్ మాల్బేలో విల్లీ క్లాన్సీ పేరిట వేసవి సంగీత బడి జరుగుతుంది, 1973 నుంచి నడుస్తోంది. ఆ వారం ఊరంతా సంగీతమే, గది మాత్రం ముందే చూసుకోవాలి.

లిమరిక్ నుంచి:

అక్కా, అన్నయ్యా, అందరికీ కృతజ్ఞతలు. మూడు బుధవారాలు వెళ్ళాను. మొదటి రెండు వారాలు టీ తాగుతూ విన్నాను, ఆ తల ఎత్తే చూపు రెండోసారికి పట్టుకోగలిగాను. నిన్న ఫ్లూటు వాయించే ఆయన నా పెట్టె చూసి, మీ ఊరిది ఏదైనా వాయించమన్నారు.

ఏం వాయించాలో ముందు తోచలేదు. తర్వాత, చిన్నప్పుడు మా గురువు గారు నేర్పిన ముత్తుస్వామి దీక్షితుల వారి నొట్టుస్వరం ‘వందే మీనాక్షి’ గుర్తొచ్చింది. దొరల బ్యాండు బాణీలు విని ఆయన సంస్కృతంలో కట్టిన చిన్న కీర్తనల్లో అది ఒకటి. దాని మూలం ‘లిమరిక్’ అనే ఐరిష్ బాణీ అని పరిశోధకులు గుర్తించారు. ఈ సంగతి వాళ్ళకు చెప్పేటప్పుడు నా గొంతు వణికింది. వాయించాను, రోల్స్ లేకుండా, మా గురువు గారు నేర్పినట్టే. మొదటిసారి అందరూ విన్నారు. రెండోసారికి ఫ్లూటు ఆయన రెండో భాగంలో కలిశారు, ఆయన పక్కనున్న కన్సర్టీనా కూడా అందుకుంది. మూడోసారి వాళ్ళిద్దరే వాయించారు. నేను విల్లు ఒడిలో పెట్టుకుని విన్నాను.