బరంపురం చుట్టుపక్కల చలికాలం పిట్టలు: ఏ దారి, ఏ వేళ, ఎంత దూరం?

గెడ్డగట్టు:
డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా బరంపురం, ఛత్రపురం, రంభ, పర్లాకిమిడి వైపు పిట్టలు చూసేవాళ్లు వివరాలు ఇక్కడ పెట్టండి. చిలికా ఒక్కటే కాదు. కోసిన మళ్లు, చెరువు గట్లు, ఏటి మొగలు కూడా కావాలి. వెలుతురు ఏ వైపు నుంచి పడుతుంది, ఎంత దూరంలో ఆగాలి, ఏ వేళకి పిట్ట దొరకదు, ఇలాంటివి రాస్తే కొత్తగా మొదలెట్టేవాళ్లకి పనికొస్తుంది.

పడమటిగట్టు:
మొదట వెలుతురు సంగతి. "తెల్లారేసరికి అక్కడుండాలి" అని అందరూ చెప్తారు. చిలికా పడమటి ఒడ్డున అది సగమే నిజం. రంభ దగ్గర గట్టు మీద నిలబడితే మన చూపు తూర్పు వైపే. జనవరిలో సూర్యుడు ఆరున్నరకి కాస్త ముందు వస్తాడు, మంచు విడేసరికి ఎనిమిది. ఆ తర్వాత ఎండ నేరుగా కళ్లలో పడుతుంది, నీళ్ల మీద బాతులన్నీ నల్లటి ముద్దల్లా కనిపిస్తాయి. రంగు తెలియదు, రెక్క మీద పట్టీ తెలియదు. గట్టు మీంచి చూడాలంటే మధ్యాహ్నం మూడు నుంచి పొద్దుగుంకే దాకా మంచిది, ఎండ వెనకనుంచి పడుతుంది. అయిదున్నరకల్లా చీకటి ముసురుతుందని గుర్తుంచుకోండి.

పొద్దున్నే వెళ్లాలంటే పడవ ఎక్కండి. గుంపుని దూరంగా చుట్టి దాటి, సూర్యుడు వీపు వైపు వచ్చాక ఆపమని పడవవాడికి ముందే చెప్పండి. గాలి లేచాక పడవ ఊగి బైనాక్యులర్ నిలవదు, కాబట్టి పడవ పని పదిలోపు ముగించాలి.

చిలికా లోపలి నలబణ దీవి 1987 నుంచి పక్షుల అభయారణ్యం. వానాకాలంలో మునిగి చలికాలంలో తేలుతుంది. పిట్టలు దిగేది అక్కడే కాబట్టి పడవని దగ్గరికి పొమ్మని ఒత్తిడి చేయకండి. ఒక్కసారి లేపితే వేల పిట్టలు మేత వదిలి తిరుగుతాయి.

ఉల్లంకి:
చూడడం ఇప్పుడే మొదలెడుతున్నవాళ్లు చిలికా ఉత్తరపు ఒడ్డున ఉన్న మంగళాజోడి వెళ్లండి. బరంపురం నుంచి పదహారో నంబరు హైవే మీద టాంగీ దాకా, అక్కడ తూర్పుకి తిరగాలి. రెండు గంటల పైనే పడుతుంది. ఒకప్పుడు పిట్టల వేటకి పేరుబడ్డ ఊరు, ఇప్పుడు ఆ ఊరివాళ్లే కాపలా కాస్తూ చూపిస్తున్నారు. అందుకని పడవ కూలి దగ్గర బేరం పెట్టొద్దని నా మాట. మోటారు ఉండదు, గడతో తోస్తారు. అందుకే పిట్ట బెదరదు, చాలా దగ్గరికి రానిస్తుంది. పడవలో లేచి నిలబడితే మాత్రం ఆ లాభమంతా పోతుంది.

బాతుల్లో ముందు మూడు పట్టుకోండి. సూదితోక బాతుకి పొడుగు మెడ, మగదానికి సన్నటి తోక. షావెలర్‌కి గరిటె ముక్కు. గ్యాడ్‌వాల్ బూడిదరంగుగా ఏ గుర్తూ లేనట్టుంటుంది, ఎగిరితే రెక్క వెనక తెల్లటి చదరం కనిపిస్తుంది. బాతు కాకుండా పొడుగు కాళ్లు, పొడుగు ముక్కు ఉన్న బ్లాక్ టెయిల్డ్ గాడ్విట్ గుంపులుగా ఉంటుంది, ఎగిరినప్పుడు రెక్కల మీద తెల్లపట్టీ, తోక చివర నలుపు చూస్తే చాలు.

కొయ్యకాలు:
ఊరి రోడ్ల గురించి నేను రాస్తాను. ఎందుకో వీటిని తక్కువగా చూస్తారు. వరి కోసి కుప్ప వేశాక సంక్రాంతి దాకా మళ్లలో గింజ, పురుగు దండిగా ఉంటాయి. తీగల మీద పాలపిట్ట, బ్రౌన్ ష్రైక్, పసరికి. కొయ్యకాళ్లలో నేల మీద నడిచే చిన్న గోధుమరంగు పిపిట్లు, భరతపిట్టలు. తడి మిగిలిన మూలల్లో తోక ఊపే పసుపు వాగ్‌టైళ్లు. మినుము, పెసర మొలకెత్తి పైకి లేచాక నేల కనిపించదు, నేల మీది పిట్టలు కళ్లబడవు. మంచి వేళ అంటే కోత నుంచి ఆ మొక్కలు లేచేదాకానే.

బండి మీద వెళ్తే పిట్ట కనిపించిన చోట బ్రేకు వేయకండి. నలభై, యాభై మీటర్ల ముందే ఇంజను ఆపి జారనివ్వండి. తీగ కింద ఆగితే ఎగిరిపోతుంది. దిగి నడిచేటప్పుడు నేరుగా దాని వైపు కాకుండా ఏటవాలుగా, పక్కకి చూస్తూ వెళ్తే ఇంకాస్త దగ్గరికి రానిస్తుంది. కారైతే తలుపు తియ్యొద్దు, అద్దం దించి లోపలినుంచే చూడండి. పిట్ట కారుని లెక్కచెయ్యదు, దాన్లోంచి దిగిన మనిషిని చూసి పారిపోతుంది. తెల్ల చొక్కా వద్దు.

గెడ్డల దగ్గర నీటి ఒడ్డున మేసే మూడు రకాల సాండ్‌పైపర్లతో అందరూ తికమకపడతారు. కామన్ సాండ్‌పైపర్ వెనకభాగం ఆపకుండా ఊపుతుంది, భుజం దగ్గర రొమ్ము తెలుపు పైకి చొచ్చుకొస్తుంది. గ్రీన్ సాండ్‌పైపర్ పైన ముదురు రంగు, లేచినప్పుడు నడుము తెల్లగా, రెక్కల కింద నల్లగా. వుడ్ సాండ్‌పైపర్ వీపు నిండా చుక్కలు, రెక్కల కింద పాలిపోయి ఉంటుంది. కాబట్టి లేచిన క్షణంలో రెక్క కింద చూడండి, కూర్చున్నప్పుడు చేసే ఊహ కంటే అదే నమ్మకం. వాటికంటే చిన్న ఒడ్డు పిట్టలు స్టింట్లకి మాత్రం కాళ్లు చూడాలి: నలుపైతే లిటిల్, పసుపుపచ్చగా ఉంటే టెమ్మింక్స్. బురద అంటిన కాళ్లు అన్నీ నల్లగానే కనిపిస్తాయి, నీళ్లలో నడిచి కడుక్కునేదాకా ఆగండి.

ఇంకొకటి. చలి పొద్దుల్లో గట్ల మీద ఎండ కాచుకోడానికి రక్తపింజర పడుకుంటుంది. కళ్లు బైనాక్యులర్‌లో పెట్టి నడవద్దు. ఆగి చూడండి, దించి నడవండి. చీలమండ కప్పే బూట్లు వేసుకోండి.

పర్లాకిమిడి పాలపిట్ట:
పొద్దుగూకే ముందు కోసిన మళ్ల మీద తక్కువ ఎత్తులో రెక్కలు పైకెత్తి తేలే గద్దలు హ్యారియర్లు. అవి నేల మీద, గడ్డిలో గుంపుగా రాత్రి గడుపుతాయి. ఆ చోటు కనిపెడితే ఇక్కడ రాయకండి, ఫొటోలో లొకేషన్ కూడా తీసేయండి.

కొత్తకళ్లు:
10×50 బైనాక్యులర్ కొందామనుకుంటున్నాను. దూరం ఎక్కువ కదా?

ఉల్లంకి:
వద్దండి. పదింతలు పెంచితే చేతి వణుకూ పదింతలే కనిపిస్తుంది, పడవలో అసలు నిలవదు. బరువు కూడా ఎక్కువ. 8×42 తీసుకోండి, అంటే ఎనిమిదింతలు పెంచేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. 42ని 8తో భాగిస్తే 5.25, అంటే కంటికి చేరే వెలుగు గుండ్రం అయిదు మిల్లీమీటర్ల పైన, మంచు పొద్దుకి సరిపోతుంది. కళ్లద్దాలుంటే ఐ రిలీఫ్ (అద్దానికీ కంటికీ మధ్య ఉండాల్సిన దూరం) కనీసం 15 మిల్లీమీటర్లు ఉందేమో చూసి కొనండి, కంటి రబ్బర్లు దించి వాడండి.

కొన్నాక చేయాల్సిన పని: కుడి అద్దం మూసి, నడిమి చక్రంతో ఎడమ కంటికి స్పష్టం చేసుకోండి. తర్వాత ఎడమది మూసి, నడిమి చక్రం ముట్టకుండా, కుడి కంటి దగ్గరి రింగు తిప్పండి. ఆ గుర్తు అలాగే ఉంచండి. తలనొప్పి వస్తోందనేవాళ్లలో చాలామంది ఈ రింగు ముట్టనివాళ్లే. మఫ్లర్ ముక్కు మీదుగా కడితే ఊపిరి పైకి కొట్టి అద్దం మసకబారుతుంది. గడ్డం కిందికి లాగండి.

పడమటిగట్టు:
ఇచ్ఛాపురం పక్కన తేలుకుంచికి చలికాలంలో వెళ్దామనే వాళ్లకి: నత్తగుల్ల కొంగలు అక్కడ గూళ్లు కట్టేది వానాకాలంలో, జనవరికి చెట్లు దాదాపు ఖాళీ. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్ల మీద కావాలంటే టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లండి.

ఋషికుల్య నది మొగకి పొద్దు కాదు, పోటు చూసుకుని వెళ్లాలి. ఆటులో పిట్టలు బురదంతా చెదిరి మేస్తాయి. పోటు నిండేటప్పుడు ఇసుక తిన్నె మీద ఒకచోట గుమిగూడతాయి, పోల్చి చూడడానికి అదే వీలు. తిన్నె మీదికి ఎక్కకుండా ఇవతలే కూర్చోండి. ఫిబ్రవరి, మార్చిల్లో తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం అది, చీకటి పడ్డాక టార్చి వేయొద్దు.

గెడ్డగట్టు:
లెక్క రాసుకునేవాళ్లకి: పిట్టల లెక్కలు ఎక్కించే వెబ్‌సైటు ఈబర్డ్‌లో ఒక జాబితా ఎనిమిది కిలోమీటర్లు దాటనివ్వకండి. చెరువు దాటి మళ్లలోకి దిగితే కొత్తది తెరవండి. పెద్ద గుంపుని పదేసి లెక్కపెట్టి ఆ పది కంటికి ఎంత జాగా పట్టిందో చూసుకోండి, ఆ జాగాతోనే మిగతా గుంపుని కొలవండి. బాతులు దట్టంగా ఉన్న నడుమ నుంచి మొదలెడితే లెక్క పెరిగిపోతుంది, అంచు నుంచి రండి. పరిశోధకులు గుర్తు కోసం వేసిన రింగు గానీ జెండా గానీ కాలికి ఉంటే, బాతు మెడకి పట్టీ గానీ ఉంటే ఏ కాలు, మోకాలికి పైనా కిందా, పైనుంచి కిందికి రంగుల వరస, అక్షరాలు, తేదీ, చోటు రాసి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. ఫొటో మసకగా ఉన్నా జతచేయండి. రంగుల వరస తారుమారైతే అది ఇంకో దేశపు పిట్ట అయిపోతుంది.